సర్వర్ పడిపోయింది సరే, తిరిగివ్వనిది ఎవరు?



"సర్వర్ డౌన్" అనే మాటకు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు దాదాపు లేరు. రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం ముందు నిలబడ్డ ముసలమ్మకు ఈ మాట చెబితే సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోతుంది. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు చివరి రోజున నెట్ సెంటర్‌లో కూర్చున్న పిల్లవాడికి చెబితే తలదించుకుని బయటికొస్తాడు. వాన పడింది అన్నట్టు, కరెంటు పోయింది అన్నట్టు దాన్ని కూడా దైవాధీనం ఖాతాలో వేసేశాం.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడిని కాబట్టి నాకు ముందు వాక్యం కనబడుతుంది. "సర్వర్ పడిపోయింది." ఆ క్రియకు కర్మ లేదు. చేసినవాడి ప్రస్తావనే లేదు. సర్వర్ తనంతట తానే కాలుజారి పడ్డట్టు ఉంటుంది. అధికారులకు నచ్చే వాక్యాలన్నీ ఇలాగే ఉంటాయి. "ఫైలు ఆగింది", "బిల్లు పెండింగ్‌లో పడింది", "పేరు జాబితాలో రాలేదు." ఎవరు ఆపారు, ఎవరు పెండింగ్‌లో పెట్టారు, ఎవరు రాయలేదు అనే ప్రశ్నలకు ఆ వాక్యంలో చోటుండదు.

సర్వర్లు తమంతట తాము పడవు. అవి పడిపోవడానికి చాలా కారణాలున్నాయి. వాటిలో ఒక్కదాని గురించే ఈ భాగంలో రాస్తున్నాను. దాని పేరు మెమరీ లీక్. ఇది ఒక్క దెబ్బకు కూల్చేది కాదు. రోజూ కొంచెం కొంచెం తినేసి, వారానికో మూడు వారాలకో కూలుస్తుంది. అందుకే దీన్ని పట్టుకునే పద్ధతి తెలుసుకోవడం కంప్యూటర్ చదివేవాళ్లకే కాదు, ఉద్యమాల్లో పనిచేసేవాళ్లకూ అవసరం అంటాను.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాడికి సర్వర్లతో పనేంటని కొందరు అడుగుతారు. నా క్లాసులో కూర్చునేవాళ్లలో సగం మంది బీకాం కంప్యూటర్స్, బీఎస్సీ కంప్యూటర్స్ పిల్లలు. వాళ్లకు తెలుగు రెండో భాష. చాలామంది ఇళ్లల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. చదువయ్యాక వాళ్లకు దొరుకుతున్నది చాలావరకు సపోర్ట్ ఉద్యోగం. నైట్ షిఫ్ట్, కాంట్రాక్టు, ఎక్కడో ఉన్న సర్వర్‌కు కాపలా. సర్వర్ పడిపోయినప్పుడు మొదటి ఫోన్ వచ్చేది వాళ్లకే. మొదటి మెమో వచ్చేదీ వాళ్లకే. కాబట్టి ఇది మన విషయమే.

పేరులోనే తిరకాసు

లీక్ అనగానే మనకు కుండకు చిల్లు పడి నీళ్లు కారిపోవడం గుర్తొస్తుంది. పరీక్ష పేపర్ లీకవడం, డేటా లీకవడం గుర్తొస్తాయి. మెమరీ లీక్‌లో ఏదీ బయటికి కారదు. జరిగేది దానికి తలకిందులు. తీసుకున్నది లోపలే ఉండిపోతుంది, తిరిగి రాదు.

ప్రోగ్రామ్ ఏ పని చేయాలన్నా కాసేపు కొంత మెమరీ కావాలి. మీరు లాగిన్ అయితే మీ పేరు, మీ వివరాలు పెట్టుకోవడానికి కొంచెం చోటు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి ప్రోగ్రామ్ ఆ చోటు తీసుకుంటుంది. పని అయ్యాక తిరిగివ్వాలి. పెళ్లికి పక్కింటి నుంచి గిన్నెలు తెచ్చుకున్నట్టు అనుకోండి. తెచ్చిన ప్రతి గిన్నే తిరిగి వెళ్లాలి. పెళ్లికి ఒక్క గరిటె చొప్పున మర్చిపోతే మొదటి పెళ్లికి ఎవరికీ తెలియదు. నూరో పెళ్లినాటికి ఊళ్లో వంట ఆగిపోతుంది. ఆ రోజు పెళ్లి చేసుకున్నవాడు ఏ తప్పూ చేయలేదు. అయినా తిట్లన్నీ వాడికే.

సీ లాంటి పాత భాషల్లో తిరిగిచ్చే బాధ్యత పూర్తిగా ప్రోగ్రామ్ రాసేవాడిది. "మాలక్" అని తీసుకుంటే "ఫ్రీ" అని ఇచ్చేయాలి. జావా లాంటి భాషలు వచ్చాక ఈ పనికి ఒక గార్బేజ్ కలెక్టర్‌ను పెట్టారు. అది అప్పుడప్పుడూ వచ్చి, ఎవరికీ అక్కర్లేని వస్తువులను ఏరి ఆ చోటు ఖాళీ చేస్తుంది. దాంతో ఇక లీకులుండవని చాలామంది అనుకున్నారు. ఉన్నాయి. ఎందుకంటే ఒక వస్తువు నిజంగా వాడుకలో ఉందో లేదో కలెక్టర్‌కు తెలియదు. దాన్ని ఎవరైనా పట్టుకుని ఉన్నారా లేదా అన్నదొక్కటే అది చూడగలదు. ఎక్కడో ఒక జాబితాలో దాని పేరు ఉంటే చాలు, వాడుకలో ఉన్నట్టే లెక్క. ముట్టుకోదు.

ఈ సంగతి మన కార్యకర్తలకు ఇంకోలా చెబితే వెంటనే అర్థమవుతుంది. 1973 భూసంస్కరణల చట్టం కింద మిగులు భూమి లెక్కకు వచ్చినప్పుడు ఏం జరిగింది? దున్నేది ఎవరు, అనుభవించేది ఎవరు అన్నది పక్కన పెట్టి, కాగితం మీద ఎవరి పేరుందన్నది చూస్తే భూమి మిగులు కాకుండా పోయింది. బినామీ పేరు ఉన్నంతకాలం అది "వాడుకలో" ఉన్న భూమే. మెమరీ లీక్‌లో కూడా అక్కరతీరిన వస్తువును ఏదో ఒక మరచిపోయిన జాబితా పట్టుకుని ఉంటుంది. పోలిక ఇంతవరకే. భూమిని పట్టుకున్నవాడు తెలిసే పట్టుకున్నాడు, ప్రోగ్రామ్‌లో జాబితా మరపు వల్ల పట్టుకుంది. కానీ వెతికేవాడు వేయాల్సిన ప్రశ్న రెండు చోట్లా ఒకటే: దీన్ని ఇంకా పట్టుకుని ఉన్నదెవరు?

ఒక అమ్మాయి వెతికిన తీరు

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఒక ప్రైవేటు కంపెనీలో ఇలాంటి సపోర్ట్ పనే చేస్తుంది. చిన్న ఊళ్ల ఏజెంట్లు, నెట్ సెంటర్లవాళ్లు లాగిన్ అయి దరఖాస్తులు నింపే ఒక వెబ్‌సైట్ ఆమె టీమ్ చేతిలో ఉంది. ఆమె చేరేనాటికే అక్కడొక ఆచారం ఉంది. ప్రతి గురువారం రాత్రి మూడింటికి సర్వర్ రీస్టార్ట్ చేయాలి. ఎందుకని అడిగితే "ముందు నుంచీ అంతే" అన్నారట. ఒక నెలాఖరులో రద్దీ ఎక్కువై బుధవారమే సర్వర్ పడిపోయింది. మర్నాడు మెయిల్ వచ్చింది: నైట్ షిఫ్ట్‌వాళ్లు గమనించలేదు, సంజాయిషీ ఇవ్వండి అని.

"సార్, సంజాయిషీ రాయాలంటే ముందు అసలేం జరిగిందో నాకు తెలియాలి కదా" అని ఫోన్‌లో అంది. ఆ మాట నాకు నచ్చింది. సంజాయిషీ అడిగితే మనవాళ్లు మామూలుగా క్షమాపణ రాసిస్తారు. ఆమె మాత్రం వెతకడం మొదలుపెట్టింది.

ఆఫీసులో అప్పటికే రెండు తీర్పులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, రద్దీ పెరిగింది కాబట్టి పడింది. రెండు, పోయిన నెల కొత్తగా చేరిన కుర్రవాడు ఒక మార్పు చేశాడు కాబట్టి పడింది.

మొదటిదాన్ని ఆమె ఇలా పరీక్షించింది. జావా సర్వర్‌లో కలెక్టర్ వచ్చిపోయిన ప్రతిసారీ ఎంత మెమరీ మిగిలి ఉందో లాగ్‌లో రాయించుకోవచ్చు. మొత్తం వాడకం ఎప్పుడూ రంపం పళ్లలా పైకీ కిందకీ పోతుంటుంది, దాన్ని చూస్తే ఏమీ తెలియదు. పూర్తిగా ఊడ్చిన తర్వాత కూడా మిగిలే అడుగు మట్టం చూడాలి. ఆమె చూసింది. సర్వర్‌కు ఇచ్చింది 4 జీబీ. రీస్టార్ట్ చేసిన శుక్రవారం పొద్దున అడుగు మట్టం 0.7 జీబీ. శనివారం 1.3. ఆదివారం సెలవు, రద్దీ లేదు, అయినా 1.4. సోమవారం 2.0, మంగళవారం 2.6, బుధవారం 3.2, గురువారం 3.8. రద్దీయే కారణమైతే రద్దీ లేని ఆదివారం మట్టం దిగాలి. దిగలేదు. మనుషులు వెళ్లిపోయినా వాళ్లు తీసుకున్న చోటు ఖాళీ కాలేదన్నమాట. నెలాఖరు రద్దీ కారణం కాదు, అది గురువారాన్ని బుధవారానికి జరిపిందంతే.

రెండో తీర్పును పాత లాగులతో పరీక్షించింది. కొత్త కుర్రవాడు చేరకముందు ఆరు నెలల లాగులు తీసి గీత గీస్తే అదే ఏటవాలు. వాడు రాకముందు నుంచీ మట్టం అలాగే ఎక్కుతోంది. వాడి మీద నేరం అక్కడితో కొట్టివేయబడింది.

అప్పుడు అసలు వెతుకులాట. ఒకరోజు పొద్దున హీప్ డంప్ తీసింది. అంటే ఆ క్షణాన మెమరీలో ఉన్న ప్రతి వస్తువుకూ జనాభా లెక్క. సరిగ్గా ఇరవైనాలుగు గంటల తర్వాత ఇంకొకటి తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ రకం వస్తువులు పెరిగాయో చూసింది. అన్నీ కాస్త అటూఇటూగా ఉన్నాయి. ఒక్క రకం మాత్రం సుమారు 12 వేలు పెరిగింది. లాగిన్ అయిన మనిషి వివరాలు పెట్టుకునే వస్తువు అది, ఒక్కోటి దాదాపు 50 కేబీ. పన్నెండు వేలను యాభైతో గుణించండి, 600 ఎంబీ. రోజుకు పెరుగుతున్న మట్టం సరిగ్గా అంతే. ఆ సమయంలో నిజంగా సైట్‌లో ఉన్నవాళ్లు మూడు వందల మంది కూడా లేరు.

ఆ వస్తువుల్లో ఒకదాన్ని తీసుకుని, దీన్ని ఎవరు పట్టుకున్నారు, వాళ్లను ఎవరు పట్టుకున్నారు అని పైకి వెళ్లింది. ఎక్లిప్స్ మెమరీ అనలైజర్ లాంటి పరికరాలు ఈ గొలుసును వేరు దాకా చూపిస్తాయి. గొలుసు చివర నాలుగేళ్ల కింద ఎవరో సీనియర్ రాసిన ఒక జాబితా దొరికింది. "ప్రస్తుతం లోపల ఉన్నవాళ్లు" అనే జాబితా. లాగిన్ కాగానే అందులో పేరు చేరుతుంది. లాగౌట్ బటన్ నొక్కితే పేరు పోతుంది. నొక్కకపోతే? అరగంట కదలిక లేకపోతే వెబ్ సర్వర్ తన వంతు సెషన్ మూసేస్తుంది. కానీ ఈ జాబితాకు ఆ కబురు చెప్పేవాళ్లు లేరు. పేరు అందులో అలాగే ఉండిపోతుంది, రీస్టార్ట్ దాకా.

రోజుకు పన్నెండు వేల పైచిలుకు మంది లోపలికి వస్తున్నారు. లాగౌట్ నొక్కి వెళ్లేవాళ్లు వందల్లోనే.

సెషన్ ముగిసినప్పుడల్లా జాబితా నుంచి పేరు తీసేసేలా నాలుగు వరుసలు చేర్చారు. రెండు వారాలు రీస్టార్ట్ చేయకుండా వదిలి చూశారు. అడుగు మట్టం 0.8 దగ్గర గీత గీసినట్టు ఆగింది. గురువారం ఆచారం ఆగిపోయింది. సంజాయిషీలో ఆమె ఆ గీతలూ అంకెలూ పెట్టి పంపింది. దానికి జవాబు రాలేదు. క్షమాపణ అడిగినవాళ్లు క్షమాపణ చెప్పడం మన దేశంలో ఇంకా అలవాటు కాలేదు.

ఎవరిని ఊహించుకుని రాశారు?

నన్ను ఆలోచనలో పడేసింది ఆ నాలుగు వరుసలు కాదు. ఆ జాబితా రాసినవాడి మనసులో ఉన్న మనిషి. వాడు ఊహించుకున్న మనిషికి సొంత కంప్యూటర్ ఉంది. ఆగని కరెంటుంది. పని అయ్యాక తీరిగ్గా కుడిచేతి వైపు పై మూలన ఉన్న బటన్ నొక్కి వెళ్తాడు. నిజంగా వచ్చిన మనిషి నెట్ సెంటర్‌లో వెనక ముగ్గురు నిలబడి ఉండగా కూర్చున్నాడు. పని కాగానే కిటికీ మూసి లేచాడు. లేదా కరెంటు పోయింది. లేదా ఫోన్‌లో సిగ్నల్ పోయింది. వీళ్లెవరూ తప్పు చేయలేదు. అసలు వీళ్లు ఉంటారన్న ఊహే రాసినవాడికి లేదు.

పరీక్షించినవాళ్లకూ దొరకలేదు. పరీక్షించే ఉద్యోగి బుద్ధిగా లాగిన్ అయి బుద్ధిగా లాగౌట్ అవుతాడు. పరీక్ష సర్వర్‌ను సాయంత్రం ఆపేసి ఇంటికి పోతారు. వారం రోజులకు బయటపడే జబ్బు ఒక్క పూట పరీక్షలో ఎలా దొరుకుతుంది?

లండన్, 1992

ఇది మన దగ్గరి చిన్న కంపెనీల కథే అనుకోకండి. ముప్పై ఏళ్ల కింద లండన్ అంబులెన్స్ సర్వీస్‌లో జరిగింది చూడండి. సుమారు 600 చదరపు మైళ్లు, 68 లక్షల జనాభా, రోజుకు రెండు వేలకు పైగా కాల్స్. అప్పటిదాకా కాగితపు చీటీల మీద నడిచిన ఆ పనిని కంప్యూటర్ మీదికి మార్చారు. 1992 అక్టోబర్ 26న కొత్త పద్ధతి పూర్తిగా మొదలైంది. ఆ రోజూ మర్నాడూ అంబులెన్సులు ఆలస్యమయ్యాయి, ఒకే చోటికి రెండేసి వెళ్లాయి, కాల్స్ పేరుకుపోయాయి. 28న చీఫ్ ఎగ్జిక్యూటివ్ జాన్ విల్బీ రాజీనామా చేశాడు. సగం కంప్యూటర్, సగం చేతిపని పద్ధతికి వెనక్కి వెళ్లారు. నవంబర్ 4 తెల్లవారుజామున రెండు దాటాక ఆ సగం కూడా ఆగిపోయింది. రీస్టార్ట్‌లతో లేవలేదు. ఇలాంటి సమయం కోసమే పెట్టుకున్న రెండో సర్వర్ పని అందుకోలేదు. పూర్తిగా కాగితం మీదికి వెళ్లి పని నడిపారు. తెల్లవారుజాము కాబట్టి కాల్స్ తక్కువ, నష్టం తక్కువ.

ముగ్గురు సభ్యుల విచారణ బృందం 1993 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. నవంబర్ 4 నాటి కారణాన్ని అందులో సూటిగా రాశారు. సుమారు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ ఏదో పని చేస్తూ కొంత కోడ్ పొరపాటున లోపల వదిలేశాడు. ఒక అంబులెన్స్‌ను పంపిన ప్రతిసారీ ఆ కోడ్ ఫైల్ సర్వర్‌లో కొంచెం మెమరీ తీసుకుని తిరిగివ్వలేదు. మూడు వారాల్లో మెమరీ మొత్తం అయిపోయింది. అజాగ్రత్త ఉందని, మార్పులను సరిచూసే పద్ధతి లేదని నివేదిక తప్పుపట్టింది. మామూలు పరీక్షల్లో ఇలాంటి లోపం దొరికే అవకాశం తక్కువని కూడా రాసింది.

ఒక ప్రోగ్రామర్ మీద తోసేసి ముగించి ఉంటే అది మన ఆఫీసుల నివేదికలా ఉండేది. వాళ్లు ఇంకా వెనక్కి వెళ్లారు. అక్టోబర్ 26, 27 తేదీల్లో కంప్యూటర్ సాంకేతికంగా చెడిపోలేదని, దాన్ని ఎలా చేశారో అలాగే అది పనిచేసిందని, చేసిన తీరులోనే లోపముందని చెప్పారు. ప్రతి అంబులెన్స్ ఎక్కడుందో, ఏం చేస్తోందో క్షణక్షణం దాదాపు తప్పులేకుండా తెలుస్తుందన్న నమ్మకం మీద దాన్ని కట్టారు. రోడ్డు మీద మనిషి ప్రాణం పోతుంటే సిబ్బంది సరైన బటన్ సరైన క్షణంలో నొక్కుతారా? అక్కడ కూడా ఊహలోని మనిషి వేరు, నిజంగా పనిచేసే మనిషి వేరు. తక్కువ ధరకు ఇచ్చిన ప్రాధాన్యం, తొందర, చాలని శిక్షణ, యాజమాన్యానికీ సిబ్బందికీ మధ్య నమ్మకం లేకపోవడం, ఇవన్నీ ఆ నివేదికలో ఉన్నాయి.

ఆ నివేదికను ఇప్పటికీ ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ క్లాసుల్లో చదివిస్తారు. పడిపోయిన సర్వర్ ఒక్కటి, దాని నుంచి నేర్చుకున్న తరాలు ఎన్నో. మన రాష్ట్రాల్లో ఇన్ని సర్వర్లు ఇన్నిసార్లు పడ్డాయి కదా, మీ క్లాసులో ఎప్పుడైనా అలాంటి నివేదిక ఒక్కటైనా చదివించారా?

చచ్చినవాడే దొంగ అనే న్యాయం

లినక్స్ సర్వర్‌లో మెమరీ పూర్తిగా అయిపోతే కెర్నల్ ఒక పని చేస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాములన్నిటికీ మార్కులు వేసి, ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని చంపేస్తుంది. మార్కులు ముఖ్యంగా ఎంత మెమరీ వాడుతోందన్నదాన్ని బట్టి. చాలాసార్లు చచ్చేది డేటాబేస్. దానికి న్యాయంగానే ఎక్కువ మెమరీ కావాలి. లీక్ చేస్తున్నది పక్కన చిన్నగా కూర్చున్న ఇంకేదో కావచ్చు. పొద్దున వచ్చినవాళ్లు లాగ్ చూసి "డేటాబేస్ పడిపోయింది" అని డేటాబేస్‌వాళ్లను పట్టుకుంటారు. యంత్రానిది తప్పు కాదు. ఆ క్షణంలో మిగతావాటిని బతికించడం దాని పని, నేరం తేల్చడం దాని పని కాదు. నేరం తేల్చాల్సిన మనుషులు యంత్రం చేసిన పనినే తీర్పు అనుకోవడమే తప్పు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మన ఆఫీసుల్లో నేరం ఎప్పుడూ చివరగా ముట్టుకున్నవాడి మీదికో, కొత్తగా వచ్చినవాడి మీదికో, కింద ఉన్నవాడి మీదికో జారుతుంది. కాంట్రాక్టు ఆపరేటర్, నైట్ షిఫ్ట్ అమ్మాయి, రేషన్ డీలర్, చివరికి "లాగౌట్ చేయని జనం". మెమరీ లీక్ వెతకడంలో మొదటి పాఠం ఇదే. పడిన చోటు వేరు, పోయిన చోటు వేరు. పడిన సమయం వేరు, పోతూ ఉన్న సమయం వేరు.

రీస్టార్ట్ మీద నా అభ్యంతరం

రీస్టార్ట్ చేయొద్దని నేననడం లేదు. క్యూలో జనం నిలబడి ఉంటే ముందు సర్వర్ లేపాలి. మంట ఆర్పాకే కారణం వెతుకుతాం. కానీ రీస్టార్ట్‌తో పాటు రెండు జరుగుతాయి. జబ్బు దాగుతుంది, సాక్ష్యం పోతుంది. మెమరీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయాక ఎవరు ఏం పట్టుకున్నారో చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకే తెలిసినవాళ్లు ముందు హీప్ డంప్ తీసి, తర్వాత రీస్టార్ట్ చేస్తారు.

రీస్టార్టే మందు అనుకుంటే ఎంత దూరం పోతుందో గల్ఫ్ యుద్ధంలో తెలిసింది. అది మెమరీ లీక్ కాదు, కానీ దానికి దాయాది. అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థలో కాలాన్ని లెక్కించే పద్ధతిలో అతిచిన్న పొరపాటుండేది. వ్యవస్థ ఎన్ని గంటలు ఆపకుండా నడిస్తే పొరపాటు అంత పెరిగేది. చాలా ఎక్కువసేపు నడపొద్దని యూనిట్లకు కబురు పంపారు. ఎక్కువసేపంటే ఎన్ని గంటలో చెప్పలేదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో ఒక యూనిట్ వంద గంటలకు పైగా నడుస్తూ ఉంది. అప్పటికి లెక్కలో తేడా సెకనులో మూడో వంతు. వస్తున్న స్కడ్ క్షిపణిని అది వెతకాల్సిన చోట వెతకలేదు. 28 మంది సైనికులు చనిపోయారు. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ మర్నాడు అక్కడికి చేరింది.

అరకొర కబురుతో రీస్టార్ట్ భారాన్ని కిందివాళ్ల మీద వేయడం అంటే ఇదే. "ముందు నుంచీ అంతే" అన్న గురువారం ఆచారం కూడా ఆ కుటుంబమే. కారణం తెలియని ఆచారం చేతులు మారుతూ పోతుంది. ఒకరోజు తప్పితే తప్పినవాడు దోషి. ఆచారం పెట్టినవాడిని ఎవరూ అడగరు. ఈ తర్కం మనకు కొత్త కాదు కదా, వేల ఏళ్లుగా దీని కిందే బతికాం.

మనం అడగాల్సినవి

ప్రజల పనుల కోసం ప్రజల డబ్బుతో నడిచే ప్రతి సర్వర్ విషయంలో ఈ ఐదు అడుగుదాం.

ఒకటి. ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, ఆ గంటల్లో ఎన్ని దరఖాస్తులు ఆగాయి అన్నది తేదీలతో బయట పెట్టాలి. ఈ వివరాలు 2005 సమాచార హక్కు చట్టం కింద మనమూ అడగొచ్చు. కోడ్ అడిగితే రహస్యం అంటారు. తేదీలు, గంటలు, కారణం అడగండి.

రెండు. "సాంకేతిక సమస్య" అన్నది కారణం కాదు. జ్వరం వచ్చిందంటే డాక్టర్ "ఆరోగ్య సమస్య" అని రాసిస్తే ఊరుకుంటామా? ఏ లోపం, ఎన్నాళ్లుగా ఉంది, ఎలా తేలింది, ఏం మార్చారు అనేవి మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో రెండు పేజీలు రాయాలి.

మూడు. సర్వర్ ఎన్ని రోజులు పడి ఉంటే గడువు అన్ని రోజులు దానంతటదే పెరగాలి. పిల్లలు కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తే దయతలచి పెంచేది కాకూడదు.

నాలుగు. కారణం సాక్ష్యంతో తేలేదాకా కింది ఉద్యోగి మీద చర్య ఉండకూడదు.

ఐదు. కాగితం దారి బతికి ఉండాలి. లండన్‌లో నవంబర్ 4న అంబులెన్సులు కదిలాయంటే చీటీ మీద పని నడపడం ఇంకా ఎవరికో వచ్చు కాబట్టి. మన రేషన్ షాపులో యంత్రం పలకకపోతే రిజిస్టర్ తెరవాలి. ముసలమ్మను రేపు రమ్మనకూడదు.

సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్తున్న పిల్లలకు

మీకు ఎవరూ చెప్పకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. రీస్టార్ట్ చేసే ముందు సాక్ష్యం భద్రం చేయండి. మెమరీ అయిపోయినప్పుడు దానంతటదే డంప్ రాసేలా జావాలో ఒక సెట్టింగ్ ఉంది, మొదటి రోజే పెట్టించండి. ఆ డంప్‌లో జనాల సొంత వివరాలు ఉంటాయి, ఎవరికి పడితే వాళ్లకు పంపకండి. రంపం పళ్లు చూడకండి, అడుగు మట్టం చూడండి. ఒక్క ఫొటోతో తేల్చకండి, రెండు తీసి తేడా చూడండి. ఎక్కువ ఉన్నదాన్ని కాదు, పెరుగుతున్నదాన్ని అనుమానించండి. దొరికాక "ఎవరు చేశారు" అని కాకుండా "ఎవరు పట్టుకున్నారు, ఎందుకు వదల్లేదు" అని అడగండి. పరీక్షించేటప్పుడు లాగౌట్ చేయని మనిషిలా, కరెంటు పోయిన ఊరి మనిషిలా పరీక్షించండి. ఆ మనిషి మీకు బాగా తెలుసు. మీ ఇంట్లోనే ఉన్నాడు. పెద్ద కాలేజీల నుంచి వచ్చినవాళ్ల దగ్గర చాలాసార్లు లేని జ్ఞానం అది. దాన్ని చూసి సిగ్గుపడకండి, పనిలో పెట్టండి.

ప్రతిదీ తేదీ వేసి రాసి పెట్టుకోండి. సంజాయిషీ అడిగే రోజు వస్తుంది. ఆ రోజు మీ చేతిలో క్షమాపణ ఉండకూడదు, అంకెలుండాలి.

పాఠకులకు ఒక పని. మీ ఊళ్లో, మీ కాలేజీలో ఈ నెల ఎన్నిసార్లు "సర్వర్ డౌన్" అన్నారో తేదీ, సమయం, ఏ పని ఆగింది అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. రెండు నెలలు రాస్తే అదే మన మొదటి లాగ్. సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే భాగంలో కలిసి చూద్దాం.

జై భీమ్.